బాబాయి విల్లు, నా చేతి కొలత

మా ఇంట్లో ఒక ఫైలు నిండా చిరిగిన కాగితాలే ఉంటాయి. ఒక్కో కాగితానికి ఒక బాణం చిల్లు, ఆ చిల్లు పక్కన పెన్సిల్‌తో తేదీ, కింద రెండు ముక్కలు. "తోక పైకి, అంగుళంన్నర." "తోక పైకే, ఏమీ మారలేదు." "తోక ఎడమకి, ముప్పావు." మొదటి పది పన్నెండు కాగితాల మీద ఉన్న రాత బాబాయిది. తర్వాతవన్నీ నావి. మొన్న అలమర సర్దుతూ ఆ ఫైలు తెరిచాను. ఇంక ఆ పూట వేరే పని జరగలేదు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు బాబాయి తన వేట విల్లు నాకిచ్చాడు. ఆయన కొత్తది కొనుక్కున్నాడు. పాతది ఎవరికైనా అమ్మేస్తే డబ్బులొచ్చేవి, కానీ అమ్మలేదు. "నీ చేతిలో ఉంటే నా కళ్ళముందే ఉన్నట్టు" అన్నాడు. చక్రాల విల్లు అది, అంటే కాంపౌండ్ బో. పైన ఒక క్యామ్, అంటే తాడు తిరిగే చక్రం, కింద ఒక క్యామ్, మధ్యలో చేత్తో పట్టుకునే చెక్క గ్రిప్. బొటనవేలి కింద కండ ఆనే చోట ఆ చెక్క అరిగి అరిగి గులకరాయిలా నున్నగా అయిపోయింది. ఇరవయ్యేళ్ళుగా వేటకి వెళ్తున్న చెయ్యి చేసిన నునుపు అది. నేను మొదట పట్టుకున్నప్పుడు నా చెయ్యి ఆ గుంటలో సరిగ్గా కూర్చోలేదు. దానికి అర్థం ఏమిటో అప్పుడు తెలియలేదు.

నెల రోజులు సొంతంగా కొట్టాను. పది గజాల దగ్గర ఫర్వాలేదు. ఇరవై గజాలకి వెళ్ళేసరికి బాణాలు ఒకటి అటు, ఒకటి ఇటు. గురి చూసే సైట్ తిప్పుతాను, కాసేపు బాగుంటుంది, మళ్ళీ చెదిరిపోతుంది. మళ్ళీ తిప్పుతాను. అది చాలక వదిలిన ప్రతిసారీ తాడు వచ్చి ఎడమ ముంజేతి లోపలివైపు చెళ్ళున తగిలేది. వారం తిరిగేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం కమిలి, ముందు ఎర్రగా, తర్వాత నీలంగా, ఆ తర్వాత ఆకుపచ్చగా మారింది. బాబాయికి కనబడకూడదని పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని తిరిగాను. ఆయన ఇచ్చిన విల్లుని నేను సరిగ్గా వాడలేకపోతున్నానని ఆయనకి తెలియడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఒకరోజు భోజనం దగ్గర చెయ్యి చాపినప్పుడు చొక్కా పైకి జరిగింది. ఆయన కంచంలోంచి తలెత్తి నా చెయ్యే చూశాడు. తిని లేచాక, "ఒరేయ్, ఇలా వచ్చి నిలబడు. రెండు చేతులూ బార్లా చాపు" అన్నాడు. కుట్టుపని టేపు తెచ్చి ఈ చివరి వేలి కొస నుంచి ఆ చివరి వేలి కొసకి కొలిచాడు. 70 అంగుళాలు. దాన్ని రెండున్నరతో భాగించి, "ఇరవై ఎనిమిది" అన్నాడు. "నాది ఇరవై తొమ్మిదిన్నర. అంగుళంన్నర ఎక్కువ లాగుతున్నావు రోజూ. వెనక్కి వాలిపోతావు, తల వెనక్కి పోతుంది, మోచెయ్యి బిగుసుకుని లోపలికి తిరుగుతుంది. తాడు దారిలో నీ చెయ్యి అడ్డం ఉంది, అందుకే కొడుతోంది."

"మరి సైట్ ఎన్నిసార్లు తిప్పినా కుదరడం లేదు బాబాయ్" అన్నాను.

"సైట్ నీ కంటికిరా. బాణానికి సైట్ కనబడదు" అన్నాడు. "విల్లు నీ దగ్గరుంది గానీ ఇంకా నీది కాలేదు. శని, ఆదివారాలు ఏం పెట్టుకోకు."

ఆ రెండు రోజులు నాకు గంట గంటా గుర్తున్నాయి.

శనివారం పొద్దున ఆయన మొదట చేసింది విల్లు మొత్తం వేలితో తడమడం. తాడు మీద ఎక్కడన్నా పోగులు లేచాయా, దాని మీద చుట్టిన దారం వదులైందా, లింబ్‌ల, అంటే విల్లు వంగే రెండు కొమ్మల అంచుల్లో బీటలున్నాయా, క్యామ్ ఇరుసుల దగ్గర కేబుల్ పక్కకి జారిందా. తర్వాత ఒక చిన్న నోట్‌బుక్ తీశాడు. పైన ఇరుసు నుంచి కింద ఇరుసుకి ఎంత, గ్రిప్ లోతు నుంచి తాడుకి ఎంత, బాణం తగిలించే చోటు ఎంత ఎత్తులో ఉంది, పూర్తిగా లాగడానికి ఎన్ని పౌండ్లు, అన్నీ రాశాడు. "ఇది విల్లు జాతకం. ఏది మార్చినా ముందు ఎంతుందో రాసి మార్చు. లేకపోతే వెనక్కి వచ్చే దారి ఉండదు" అన్నాడు. నేను అప్పుడు తలూపాను. ఆ మాట విలువ మర్నాడు తెలిసింది, దాని సంగతి చెప్తాను.

నాకు అప్పటికి విల్లుకి చక్రాలెందుకో కూడా సరిగ్గా తెలియదు. ఆయన పని చేస్తూ చెప్పాడు. మామూలు విల్లు ఎంత లాగితే అంత బరువెక్కుతుంది, చివర్లో గురి చూడాల్సిన సమయానికే భుజం వణుకుతుంది. హోలెస్ విల్బర్ ఆలెన్ అనే అమెరికన్ దీనికి ఉపాయంగా విల్లు చివర్లకి మధ్యలో కాకుండా పక్కకి ఇరుసు పెట్టిన చక్రాలు తగిలించాడు. 1966లో పేటెంట్‌కి దరఖాస్తు చేస్తే 1969లో వచ్చింది. ఆ చక్రం తిరిగి ఒక చోటు దాటాక బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. 60 పౌండ్ల విల్లు 75 శాతం తగ్గేదైతే, పూర్తిగా లాగి నిలబడ్డప్పుడు వేళ్ళ మీద ఉండేది 15 పౌండ్లే. చెట్టు చాటున జంతువు ఒక అడుగు ముందుకి వేసేదాకా ఆగగలిగేది అందువల్లే. "కానీ ఆ తగ్గేచోటు నీ చేతి కొలతకి కుదరాలి. ఇప్పుడది నా చేతి దగ్గర ఉంది" అన్నాడు.

విల్లుని వంచి పట్టే ప్రెస్‌లో బిగించి, లింబ్‌లు కొద్దిగా వంచి, తాడు వదులయ్యాక క్యామ్‌ల మీదున్న, లాగే పొడవుని నిర్ణయించే చిన్న మాడ్యూళ్ళు విప్పి 28 అంగుళాలవి వేశాడు. ప్రెస్ లేకుండా ఈ పనికి ఎప్పుడూ దిగొద్దని ఆరోజు మూడుసార్లు చెప్పాడు. లింబ్‌ల్లో దాగిన బలం ఎంతో చూసినవాళ్ళకి ఆ మాట మళ్ళీ చెప్పక్కర్లేదు. బాణం లేకుండా లాగి వదలొద్దని కూడా. బాణం తీసుకెళ్ళాల్సిన శక్తంతా అప్పుడు విల్లుమీదే పడుతుంది, తాడు తెగొచ్చు, లింబ్ పగలొచ్చు.

తర్వాత బరువు. లింబ్ బోల్టులు పైనా కిందా సమానంగా మూడేసి చుట్లు వదులు చేశాడు. 60 నుంచి 52కి వచ్చింది. నాకు కొంచెం నామోషీగా అనిపించింది, నిజం. ఆయన నా మొహం చూసి, "కూర్చుని, పాదాలు నేలకి ఆనించకుండా, విల్లు ఆకాశంలోకి ఎత్తకుండా, ముందుకి చాచి నెమ్మదిగా లాగు. లాగగలిగితే అది నీ బరువు. లేకపోతే కాదు" అన్నాడు. 60 దగ్గర లాగలేకపోయాను. 52 దగ్గర హాయిగా వచ్చింది. లాగుతుంటే ఆయన పక్కనుంచి క్యామ్‌లనే చూస్తున్నాడు. వెండి రంగు పెన్నుతో రెండింటి మీదా గీతలు పెట్టాడు. పై క్యామ్ ముందు ఆగి, కిందది ఒక క్షణం ఆలస్యంగా ఆగుతోంది. మళ్ళీ ప్రెస్‌లో పెట్టి ఒక కేబుల్‌కి మెలికలు వేశాడు. అర మెలిక, ఇంకో అర మెలిక. రెండు గీతలూ కేబుల్‌ని ఒకేసారి అందుకున్నప్పుడు, లాగుడు చివర్లో ఉండే ఆ మెత్తని తడబాటు పోయి గోడకి ఆనినట్టు గట్టిగా ఆగింది. నేను ఆ తేడా చేత్తో గుర్తుపట్టానని ఆయనకి ఎంత సంతోషమో!

బాణాల దగ్గర ఆయన నన్ను కాస్త కోప్పడ్డాడు. ఆయన పాత బాణాలే నేను వాడుతున్నాను. బాణం గట్టిదనానికి ఒక లెక్కుంది, స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంతో రెండు ఆధారాల మీద బాణాన్ని పడుకోబెట్టి, సరిగ్గా నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులు వంగిందో ఆ అంకె. 340 అంటే వెయ్యింట 340 వంతులు. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. ఆయనవి 340, ఆయన బరువుకి, ఆయన పొడవుకి సరిపోయేవి. నాకు కావలసినవి 500. "వదిలాక బాణం కర్రలా పోతుందనుకుంటారు. చేపలా ఈదుతుంది" అన్నాడు. 1930ల్లోనే క్లారెన్స్ హిక్మన్ అనే భౌతిక శాస్త్రవేత్త హై-స్పీడ్ కెమెరా పెట్టి ఆ వంపులన్నీ సినిమా తీసి చూపించాడట. తాడు వెనకనుంచి ఒక్కసారి తోసేసరికి బాణం వంగుతుంది, ఇటు వంగి అటు వంగి కొంత దూరం పోయాక తిన్నబడుతుంది. మరీ గట్టిదైనా, మరీ మెత్తనైనా ఆ తిన్నబడటం ఆలస్యమవుతుంది. నేను వీడియోలో మొదటిసారి ఆ వంపు చూసింది చాలా ఏళ్ళ తర్వాత. చూస్తున్నంతసేపూ బాబాయి "చేపలా" అంటూ అరచెయ్యి అటూ ఇటూ ఆడించడమే కళ్ళముందుంది.

కొత్త బాణాలొచ్చాక నాక్ సరిచూశాడు. నాక్ అంటే బాణం వెనక తాడుని పట్టుకునే చిన్న గాడి. సంస్కృతంలో బాణం వెనకభాగాన్ని పుంఖం అంటారు, మనం రోజూ "పుంఖానుపుంఖాలుగా" అంటామే, అది ఒక బాణం వెంటే ఇంకో బాణం వెళ్ళడంలోంచి పుట్టిన మాట. ఈ సంగతి తెలిసినప్పటినుంచి నాక్ తాడుకెక్కిన ప్రతిసారీ ఆ మాట నాకు గుర్తొస్తుంది. బాబాయి బాణాన్ని తాడుకి తగిలించి, విల్లు నేలకి అడ్డంగా పట్టుకుని బాణాన్ని కిందికి వేలాడనిచ్చాడు. వేలాడింది. తాడు మీద వేలితో చిన్నగా కొట్టాడు. టిక్‌మని ఊడి పడింది. "ఇదీ పట్టు. తనంతట తను పడకూడదు, తడితే ఆగకూడదు." ఆ టిక్ శబ్దం ఇప్పటికీ నాకు చాలా ఇష్టం.

మధ్యాహ్నం కాగితం మొదలైంది.

నాలుగు చెక్క పట్టీలతో చేసిన చట్రం, దానికి బిగుతుగా అంటించిన కాగితం, వెనకాల నాలుగడుగుల దూరంలో బాణం ఆగే దిమ్మె. కాగితానికి ఆరడుగుల దూరంలో నిలబడి, భుజం ఎత్తున, తిన్నగా కొట్టాలి. అంత దగ్గరగా కొడితే బాణానికి తన తప్పుని ఈకలతో దిద్దుకునే టైమ్ ఉండదు. తాడు వదిలినప్పుడు ఎలా ఉందో అలాగే కాగితంలోంచి పోతుంది. మొన తిన్నగా వెళ్ళి, తోక దాని వెనకే వెళ్తే ఒక గుండ్రటి చిల్లు, దాని చుట్టూ మూడు ఈకలవి మూడు సన్నటి చీలికలు. అదే కావలసింది. తోక పైకి లేచి వెళ్తే చిల్లు దగ్గర్నుంచి పైకి పొడుగ్గా చిరుగుతుంది. పక్కకి పోతే పక్కకి.

నా మొదటి బాణం కాగితాన్ని పైకి అంగుళంన్నర చీల్చింది. ఫైల్లో అన్నిటికన్నా పైనుండేది అదే.

తోక పైకి పోతుందంటే తాడు మీద బాణం తగిలించే చోటు ఎక్కువ ఎత్తులో ఉండొచ్చు. బాబాయి డి-లూప్, అంటే ఆ చోట తాడుకి కట్టిన చిన్న ఉచ్చు, దాని ముడి వదులు చేసి వెంట్రుకవాసి కిందికి తిప్పాడు. కొట్టాను. అంతే చిరుగు. ఇంకాస్త దించాడు. అంతే చిరుగు. మూడోసారి దించి చూశాక ఆయన చెయ్యి ఆపేశాడు. కుర్చీలో కూర్చుని ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "మార్చినా మారడం లేదంటే తప్పు మనం మార్చేచోట లేదన్నమాట" అన్నాడు. లోపలికెళ్ళి పిన్నిని లిప్‌స్టిక్ అడిగి తెచ్చాడు.

బాణం ఈకల అంచులకి ఎర్రగా రాశాడు. కొట్టాను. వెళ్ళి చూస్తే బాణం కూర్చునే రెస్ట్‌కి ఉన్న రెండు పుల్లల్లో ఒకదాని మీద గోరంత ఎర్రటి గీత. వెళ్ళేటప్పుడు కింది ఈక ఆ పుల్లని తన్నుకుని, తోకని పైకి ఎగరేస్తోంది. ఆ గీతని ఆయన వేలితో నాకు చూపించిన తీరు మర్చిపోలేను. దొంగ దొరికాడన్న గర్వం అందులో లేదు. "పాపం, ఇదిక్కడ తట్టుకుంటోంది" అన్నాడు, కాల్లో ముల్లు గుచ్చుకున్న పిల్లాడి గురించి అన్నట్టు. నాక్‌ని కొద్దిగా తిప్పి, ఈక రెండు పుల్లల మధ్యనుంచి పోయేలా చేశాడు. డి-లూప్‌ని నోట్‌బుక్ చూసి మొదటి కొలతకే తెచ్చాడు. తర్వాతి బాణంతో పైకి చిరుగు దాదాపు పోయింది. డి-లూప్ ఒక్క పిసరు దించేసరికి పూర్తిగా పోయింది.

మిగిలింది ఎడమ చిరుగు. ముప్పావు అంగుళం.

ఇక్కడ రెస్ట్ జరుపుతాడనుకున్నాను. జరపలేదు. విల్లు తీసుకుని తనే ఒక బాణం కొట్టాడు. పొడవు కొలత ఆయనకి తక్కువే, అయినా చిల్లు గుండ్రంగా వచ్చింది. "చూశావా, ఇది విల్లుది కాదు" అని నా ఎడమచెయ్యి పట్టుకున్నాడు. నేను గ్రిప్‌ని పిడికిలితో పట్టుకుంటున్నాను. లాగి ఉన్నంతసేపూ కనబడదు. వదలగానే ఆ పట్టు విల్లుని మెలిపెడుతుంది. ఆయన నా అరచేతిలో ఆయుష్షు రేఖ మీద వేలితో గీసి, "దీనికి ఇవతల, బొటనవేలి కండ మీదే గ్రిప్ ఆనాలి. రేఖ దాటి అవతలికి వెళ్ళకూడదు. వేళ్ళు వదిలెయ్. కణుపులు ఏటవాలుగా ఉండాలి. విల్లుని నువ్వు పట్టుకోకు, దాన్నే నీ చేతిలోకి ఒరగనియ్" అన్నాడు. పడిపోతుందేమోనని భయం. రెండో మూడో బాణానికి వేళ్ళు నిజంగా వదులయ్యాయి. ఆ బాణం కాగితంలోంచి వెళ్తే శబ్దమే వేరుగా వచ్చింది. చిర్రున చిరిగిన చప్పుడు కాదు, టప్‌మని పొట్టిగా. ముందుకెళ్ళి చూసేలోపలే తెలిసిపోయింది.

ఆ కాగితం మీద బాబాయి రాసిన మాట, "బాగుంది. ముట్టుకోకు."

నేను ముట్టుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక లైటు వేసుకుని ఆ చిల్లునే చూస్తుంటే ఒక చీలిక మిగతా రెండిటికన్నా కాస్త పొడుగ్గా కనిపించింది. రెస్ట్ స్క్రూ వదులుచేసి కొద్దిగా జరిపాను, కొలవకుండా, రాయకుండా. పొద్దున్నే మొదటి బాణం కాగితాన్ని అంగుళం చీల్చింది. మళ్ళీ జరిపాను. ఇంకా పాడైంది. ఆయన లేచి వచ్చేసరికి రెస్ట్ ఎక్కడుండేదో నాకు గుర్తులేదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన ఏమీ అనలేదు. నోట్‌బుక్ తెరిచి, తాడు నడుమ నుంచి రెస్ట్ ఎంత దూరంలో ఉండాలో ఆ అంకె చదివి, స్కేలు నా చేతికిచ్చాడు. నేనే పెట్టాను. టప్. అంతే. ఆరోజునుంచి నా విల్లు నోట్‌బుక్‌లో ప్రతి అంకె పక్కనా తేదీ ఉంటుంది.

ఆదివారం బయట. ఇరవై గజాల దగ్గర బాణాలు ఒకదాని పక్కన ఒకటి గుత్తిగా పడుతుంటే నాకు పని అయిపోయిందనిపించింది. బాబాయికి అది సగమే. సాధనకి వాడే మామూలు మొన, ఫీల్డ్ పాయింట్, విప్పి, అంతే బరువున్న, 100 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ ఎక్కించాడు. వెడల్పాటి బ్లేడ్లున్న వేట మొన అది. ముందున్న ఆ బ్లేడ్లు చిన్న రెక్కల్లా పనిచేస్తాయి, బాణం కాస్త వంకరగా బయల్దేరినా వెనక ఈకల మాట విననివ్వకుండా లాక్కుపోతాయి. ముప్ఫై గజాల దగ్గర ఫీల్డ్ పాయింట్లు నడుమ పడ్డాయి. బ్రాడ్‌హెడ్లు నాలుగంగుళాలు ఎడమకి పడ్డాయి. కాగితం పట్టుకోలేని తప్పుని బ్లేడ్లు పట్టుకున్నాయి.

"నాలుగంగుళాలేగా, సైట్ జరిపితే పోదా?" అని అడిగాను.

అప్పుడు ఆయన చెప్పాడు, అంతకు ముందు ఎవరికీ చెప్పినట్టు లేడు. నా వయసులో సైట్ జరిపి సరిపెట్టుకుని అడవికి వెళ్ళాడట. బాణం తగిలింది, కానీ పక్కకి ఒరిగి వెళ్ళిన బాణం బలం లోపలికి దిగడానికి కాకుండా కర్ర ఊగడానికే ఖర్చైపోయింది. దుప్పి పరుగెత్తింది. టార్చిలైటు వేసుకుని అర్ధరాత్రి దాకా రక్తం చుక్కలు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒక వాగు దగ్గర చుక్కలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళాడు, ఆ మర్నాడు కూడా. దొరకలేదు. "అది ఎంతసేపు..." అని ఆ మాట పూర్తి చెయ్యకుండా రెస్ట్ స్క్రూ వైపు తిరిగాడు.

బ్రాడ్‌హెడ్ ఎటు పడాలో అటు రెస్ట్‌ని జరపాలి. ఎడమకి పడితే కుడికి. అంగుళంలో 32వ వంతు జరిపాడు, అంటే కంటికి జరిగినట్టే కనబడదు. నాలుగంగుళాలు రెండయ్యాయి. ఇంకోసారి అంతే జరిపాడు. రెండు రకాల బాణాలూ ఒక్కచోట పడ్డాయి. బ్రాడ్‌హెడ్లని మాత్రం ఒక్కో చుక్కకి ఒక్కోటే కొట్టించాడు, ఒకేచోట కొడితే ఒక బ్లేడు ఇంకో బాణం ఈకలు కోసేస్తుందని. ప్రతి బాణాన్నీ మొన మీద బొంగరంలా తిప్పి, మొన వణకడం లేదని చూశాకే కొట్టనిచ్చాడు. సాయంత్రం వెలుతురు పోయేముందు కొట్టిన చివరి బాణానికి విల్లు చప్పుడే దాదాపు వినబడలేదు. నెలరోజులుగా నా చేతిలో ఖంగుమని మోగిన విల్లు అది. సరిగ్గా కుదిరిన విల్లు శక్తిలో ఎక్కువ భాగం బాణానికే ఇచ్చేస్తుంది, చప్పుడుకి పెద్దగా మిగిల్చుకోదు.

ముంజేతి మీద కమిలిన మచ్చ పది రోజుల్లో పోయింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత లైసెన్సు తీసుకుని సీజన్లో ఆయనతో వెళ్ళాను, చాలాసార్లు బాణం వదలకుండానే వచ్చాను, అదంతా వేరే కథ. నాకు నిజంగా దగ్గరగా ఉండిపోయినవి ఈ రెండు రోజులే. వేట గురించి అడిగేవాళ్ళు ఎన్ని గజాలు, ఎన్ని పౌండ్లు అని అడుగుతారు. కాగితం గురించి ఎవరూ అడగరు. నాకైతే సగం వేట ఆరడుగుల దూరంలో, కాగితం ముందే ఉందనిపిస్తుంది.

చాలా ఏళ్ళు గడిచాయి. ఉద్యోగం వల్ల నేను దూరంగా వచ్చేశాను. పోయిన శీతాకాలం విల్లుకి తాడు, కేబుళ్ళు మార్చాను. కొత్త తాడు కొంత సాగుతుంది కాబట్టి వంద బాణాలు కొట్టి, మళ్ళీ మెలికలు వేసి, నోట్‌బుక్‌లో అంకెలకి ఒక్కొక్కటీ తెచ్చుకున్నాను. ఇరుసు నుంచి ఇరుసుకి అంతే. గ్రిప్ నుంచి తాడుకి అంతే. క్యామ్‌ల గీతలు కలిశాయి. కాగితం కడితే ఎడమకి అరంగుళం చిరుగు. ఈకలకి రంగు పూశాను, ఎక్కడా తగలడం లేదు. నాక్ చూశాను, బాణం మార్చాను, ఇంకో బాణం. అదే అరంగుళం. రెస్ట్ స్క్రూ మీద చెయ్యి వేసి, తీసేసి, బాబాయికి ఫోన్ చేశాను.

ఆయన గొంతు సన్నబడింది. భుజం నొప్పి వల్ల ఆయన విల్లు పట్టి నాలుగేళ్ళయింది. నేను అంకెలన్నీ వరసగా చదివాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"అక్కడ చలిగా ఉందా?" అన్నాడు.

"బాగా చలి బాబాయ్."

"గ్లవ్స్ వేసుకున్నావా?"

ఎడమ చేతికి మందపాటి ఉన్ని గ్లవ్ ఉంది. పొద్దుటినుంచీ అదే ఉంది. దాని మందానికి గ్రిప్ రేఖ దాటి అరచేతి అవతలివైపుకి జరిగిపోతోందని అప్పుడు చూసుకున్నాను. ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకర్ వేసి, గ్లవ్ తీసేశాను. చెక్క మంచులా చల్లగా తగిలింది. బొటనవేలి కండ ఆ నున్నటి గుంటలో కూర్చుంది. ఇన్నేళ్ళలో అది కాస్త నా చేతి వైపు కూడా అరిగింది. వేళ్ళు వదిలేసి, లాగి, ఆగి, వదిలాను.

టప్.

"వినబడింది" అన్నాడు ఫోన్లోంచి. "చదువు."

కాగితం దగ్గరికి వెళ్ళాను. "నడుమ గుండ్రంగా ఉంది. మూడు చీలికలు."

"సమంగా ఉన్నాయా?"

వంగి దగ్గరగా చూశాను. ఒకటి వెంట్రుకవాసి పొడుగు.

"సమంగానే ఉన్నాయి బాబాయ్."

"సరే. తేదీ వేసి పెట్టుకో. ఇంక ముట్టుకోకు" అన్నాడు.